నాలుగడుగుల మడి చాలు

ఇంట్లో ఆడవాళ్ళకి ఉన్న పనులు చాలవన్నట్టు ఈమధ్య ఇంకో పని వచ్చి చేరింది. దాని పేరు మిద్దె తోట. "బయట కూరల నిండా మందులే, పిల్లలకి అవే పెడుతున్నావా?" అని ఒకరు. "ఫలానా వాళ్ళావిడ డాబా మీద బీర, సొర, ఆఖరికి అంజీర కూడా పండిస్తోంది తెలుసా?" అని ఇంకొకరు. వింటున్న తల్లికి గుచ్చుకోదా మరి? నలభై టబ్బులు, ఇరవై గ్రో బ్యాగులు కొని పైకి ఎక్కిస్తుంది. ఇక అక్కణ్ణించి వాటికి చాకిరీ మొదలు.

నేను తోటకి వ్యతిరేకిని కాను. ఆరేళ్ళుగా మా డాబా మీద కూడా కూరలు పండుతున్నాయి. ఇంటికి కావలసిన కూరలన్నీ ఇల్లాలే పండించాలనే ఈ కొత్త రూలు ఉంది చూశారూ, దానికి వ్యతిరేకిని. నేను చెప్పేది ఒక్కటే. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో ఒకే ఒక్క మడి కట్టుకోండి. దాన్ని పదహారు గళ్ళు చేయండి. ఆ గళ్ళని ఇంట్లో అందరికీ పంచండి. అంతకు మించి ఒక్క కుండీ కూడా వద్దు.

మడి అంటే తడిబట్ట మడి అనుకునేరు, నేను చెప్పేది కూరమడి! ఆ మడైనా ఈ మడైనా నడుం విరిగేది మాత్రం మనకే. అందుకే ఈ హద్దు గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

గళ్ళ పద్ధతి నా సొంత తెలివి కాదు. అమెరికాలో మెల్ బార్తలోమ్యూ అని ఒక సివిల్ ఇంజనీరు ఉద్యోగం మానేశాక తోటపనిలో పడ్డారు. చుట్టూ చూస్తే అందరూ పొలంలో లాగా సాళ్ళు తీసి విత్తుతున్నారు. సాలుకీ సాలుకీ మధ్య నడవడానికి మూడేసి అడుగులు వదులుతున్నారు. ఆ ఖాళీలో కలుపు మొలుస్తోంది. అది పీకలేక సగం సీజనులోనే తోట వదిలేస్తున్నారు. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, మొదట్నించీ ఇలాగే చేస్తున్నాం అన్నారట. ఆ జవాబు మనకి కొత్త కాదు, మన ఇళ్ళలో చాలా వాటికి ఇదే జవాబు! ఆయన 1981లో 'స్క్వేర్ ఫుట్ గార్డెనింగ్' అని పుస్తకం రాశారు. సాళ్ళు వద్దు, అడుగు పొడవు అడుగు వెడల్పు గళ్ళు చాలన్నారు. పెద్ద మొక్కయితే గడికి ఒకటి, కాస్త చిన్నదైతే నాలుగు, ఇంకా చిన్నదైతే తొమ్మిది, ముల్లంగి, క్యారెట్ లాంటివైతే పదహారు.

మడి నాలుగడుగులే ఎందుకూ అంటే, ఇటు నుంచి రెండడుగులు, అటు నుంచి రెండడుగులు మన చెయ్యి అందుతుంది కనక. లోపల కాలు పెట్టక్కర్లేదు. కాలు పెట్టకపోతే మట్టి గట్టిపడదు, గట్టిపడకపోతే తవ్వక్కర్లేదు. మనిషి చేతిని కొలిచి తోట కొలత పెట్టారన్నమాట. నాకు ఈ పద్ధతిలో దిగుబడి కన్నా నచ్చింది అదే. మన వంటింటి గట్టు ఎత్తయినా మన ఒంటిని కొలిచి కట్టారా ఎవరైనా?

ఇక మట్టి సంగతి. ఆయన చెప్పిన మిశ్రమం మూడు సమాన భాగాలు: పీట్ మాస్, వెర్మిక్యులైట్, రకరకాల కంపోస్టుల కలగలుపు. దీన్ని పట్టుకుని ఆన్‌లైన్లో కిట్లు అమ్మేవాళ్ళు బయల్దేరారు. మనకి ఆ కిట్లు అక్కర్లేదు. చలి దేశాల చిత్తడి నేలల నుంచి తీసే పీట్ మాస్ బదులు మన కొబ్బరి పీచు నుంచి వచ్చే కోకోపీట్ ఉంది. వానపాముల ఎరువు, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఎర్రమట్టి, నాలుగు గుప్పిళ్ళ వేపపిండి కలుపుకుంటే సరిపోతుంది.

బరువు లెక్క మాత్రం తప్పకుండా వేసుకోండి. నాలుగు నాలుగ్గళ్ళ మడిలో ఆరంగుళాల మందాన నింపితే ఎనిమిది ఘనపుటడుగులు, అంటే దాదాపు 226 లీటర్లు. అచ్చంగా మట్టే నింపితే తడిసినప్పుడు ఇంచుమించు నాలుగు క్వింటాళ్ళు తూగుతుంది. కోకోపీట్, ఎరువు ఎక్కువగా కలిపితే ఆ బరువు బాగా తగ్గుతుంది. ఏదైనా సరే, మడిని స్లాబు మధ్యలో కాకుండా కింద స్తంభాలు, దూలాలు ఉన్నచోట పెట్టించండి. రెండడుగుల ఎత్తు స్టాండు మీద పెడితే మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని కోసుకోవచ్చు. మా అత్తయ్యగారు అలాగే గోంగూర కోస్తారు.

మొక్కల వరస కూడా చెప్పేస్తాను. ఉత్తరం అంచు నాలుగు గళ్ళలో పాకేవి వేయాలి: రెండు బీర, రెండు తీగబచ్చలి. అటువైపు పందిరి కడితే వాటి నీడ మిగతా గళ్ళ మీద పడదు. తర్వాతి వరసలో వంగ, మిరప, టమాటా. వంగకి ఒక్క గడి ఇరుకే. కానీ పక్కగడిలో మెంతికూర వేస్తే మూడు, నాలుగు వారాల్లో కోసేస్తాం, ఈలోగా వంగకొమ్మలు అటు సాగుతాయి. మిగిలిన ఎనిమిదీ తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర, కొత్తిమీర, ముల్లంగి. అన్నీ ఒకేరోజు విత్తకూడదు. వారానికో గడి చొప్పున విత్తితే వారానికో గడి కోతకి వస్తుంది. టబ్బుల నిండా ఒకేసారి చల్లినవాళ్ళు ఒక వారమంతా పాలకూర పప్పు, పాలకూర పచ్చడి, పాలకూర చపాతీ చేసి, మిగిలింది పంచలేక చస్తారు. ఆ పైన నెల్లాళ్ళు ఖాళీ! ఎండాకాలం కొత్తిమీర మొండికేస్తుంది. అప్పుడు బచ్చలి, తోటకూరతో సరిపెట్టుకుని పైన షేడ్ నెట్ కట్టుకోవాలి.

"పదహారు గళ్ళతో ఇల్లు గడుస్తుందా?" అంటారు. గడవదు. గడవాలని ఎవరన్నారు? పళ్ళూ కూరలూ కలిపి మనిషికి రోజుకి కనీసం 400 గ్రాములు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నలుగురున్న ఇంటికి నెలకి 48 కిలోలు. పదహారు గళ్ళు కాదు, డాబా అంతా నింపినా అంత తీయడం ఒక మనిషికి పూర్తికాలం ఉద్యోగం. జీతం లేని ఉద్యోగం! ఈ మడి ఇచ్చేది వారానికి రెండుసార్లు తాజా ఆకుకూర, పోపులోకి పచ్చిమిర్చి, అప్పుడప్పుడూ నాలుగు వంకాయలు. మిగతాది బజారు నుంచే రావాలి.

మరి మందుల సంగతేమిటి? నా అసలు కోపం అక్కడే. కూరల్లో పురుగుమందు ఎంత వరకు మిగలొచ్చో హద్దులు పెట్టేందుకు దేశంలో ఆహార భద్రతా సంస్థ ఉంది. పరీక్షించడానికి అధికారులున్నారు. రైతు నేరుగా అమ్ముకోవడానికి 1999లో మొదలైన రైతుబజార్లున్నాయి. ఆ కూరల్ని పరీక్ష చేయించండి, మందులు లేకుండా పండించే రైతుకి మంచి ధర ఇప్పించండి అని అడగాల్సిన చోట అడగడం మానేసి, ఆ బాధ్యతంతా తెచ్చి తల్లి నడుం మీద పెడతారా? డాబా లేని అద్దింటి ఆవిడ పిల్లలు ఏం తినాలి? ఊరి మొత్తం సమస్యకి ఒక్కో ఇల్లాలూ ఒక్కో టబ్బు పెట్టుకోవడం పరిష్కారం కాదు.

"మా నాయనమ్మ పెరడంతా ఒక్కతే పండించేది" అనేవాళ్ళూ ఉంటారు. నాయనమ్మకి నేల ఉంది, గేదెల కొట్టంలో ఎరువుంది, నూతి దగ్గర గిన్నెలు కడిగిన నీళ్ళు అరటిబోదె దాకా వాటంతట అవే పారేవి. పాదు తవ్వడానికి పాలేరు, కాయలు కోయడానికి ఇంటెడు పిల్లలు ఉండేవాళ్ళు. అవేవీ ఇవ్వకుండా నాయనమ్మ పేరు మాత్రం చెబితే ఎలా?

"దీనికి పెట్టిన డబ్బుతో ఎన్ని కూరలొచ్చేవో!" అనే మగవారికి జవాబు చిన్నది. క్రికెట్ బ్యాటు కొన్నప్పుడు పరుగుకి ఎంత పడిందని మనం లెక్క అడిగామా?

ఇప్పుడు పంపకం. మా మడి మీద తాళ్ళు కట్టి, గడి గడికీ ఒక ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి పేర్లు రాశాం. మావారికి నాలుగు, అబ్బాయికి నాలుగు, అమ్మాయికి నాలుగు, అత్తయ్యగారికి రెండు, నాకు రెండు. ఎవరి గడికి వాళ్ళే విత్తాలి, నీళ్ళు పోయాలి, పేనుబంక పడితే వేపనూనె కొట్టాలి. మొత్తం మడికి కలిపి రోజూ పావుగంట పని లేదు. నలభై టబ్బుల్ని పంచడం కష్టం. అక్కడ ఎవరి పని ఎక్కడ అయిపోతుందో తెలియదు కనక అంతా అమ్మ మీదే పడుతుంది. గళ్ళకి ఆ ఇబ్బంది లేదు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించాలి. వాళ్ళ గడి ఎండిపోతుంటే మనం నీళ్ళు పోయకూడదు. మా అబ్బాయి ముల్లంగి గడి వారంలో ఎండిపోయింది. ఆ పచ్చటి మడి మధ్యలో నెల్లాళ్ళు ఆ గడి బోసిగానే ఉంది. చెయ్యి పీకింది, కానీ పోయలేదు. డాబా మీదికొచ్చిన ప్రతివాళ్ళూ "ఇదేమిటి, ఇక్కడ ఏమీ లేదేం?" అని అడిగేవారు. వాడే పుల్ల మీద తన పేరు చూపించాల్సి వచ్చేది. రెండోసారి వాడంతట వాడే విత్తాడు. ఇప్పుడు సాంబారులో ముల్లంగి ముక్కలు వాడికి లెక్కే!

తొలకరి పడేలోపు మడి తయారు చేసి పెట్టుకోండి. పుల్లల మీద పేర్లు రాసేటప్పుడు ముందు మిగతావాళ్ళందరివీ రాసి, మీ పేరు ఆఖర్న రాసుకోండి. గళ్ళు మిగలకపోతే ఇంకా మంచిది.