మూడు రంగుల బొప్పాయి

జీతం వచ్చిన వారంలో ఒక సాయంత్రం మాకు పండగ. నాన్న జనరల్ షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, స్కూటరు తుడవడం మొదలుపెట్టాడంటే ఇంట్లో అందరికీ అర్థమైపోయేది. ఇవాళ భిలాయ్ సివిక్ సెంటర్‌కి వెళ్తున్నాం. ముందు నేను నిలబడాలి. వెనక అమ్మ, ఆమె ఒళ్లో చెల్లి. మే నెలలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటేది. నాన్న పనిచేసే చోట కరిగిన ఇనుము వేడి దాదాపు 1,500 డిగ్రీలు. అలాంటి ఊళ్లో ఐస్‌క్రీమ్ అంటే చిరుతిండి కాదు, చికిత్స.

మేం అడిగేది ఎప్పుడూ ఒక్కటే, టూటీ ఫ్రూటీ. స్టీలు కప్పులో రెండు తెల్లటి ఉండలు, వాటి నిండా ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ముక్కలు. తినడానికి మాకో పద్ధతి ఉండేది. ముందు పచ్చవి, తర్వాత పసుపువి, ఆఖరున ఎర్రవి. ఎర్ర ముక్కకు రుచి ఎక్కువని గట్టి నమ్మకం. అది చెర్రీ అని నేను, కాదు స్ట్రాబెర్రీ అని చెల్లి. ఆ రెండు పండ్లనూ మేం బొమ్మల్లో తప్ప చూసింది లేదు.

గుట్టు రట్టయింది అమ్మ వల్ల. ఓ ఏడాది కొత్త సంవత్సరానికి కేకు చేయాలనుకుని, ఏదో పత్రికలో చూసిన పద్ధతి ప్రకారం పెరట్లోని బొప్పాయి చెట్టు నుంచి రెండు పచ్చికాయలు కోసింది. చెక్కు తీసి, సన్నటి ముక్కలు తరిగి, ఉడికించి, పంచదార పాకంలో వేసింది. మూడు గిన్నెల్లోకి పంచి మూడు రంగులు కలిపింది. మర్నాటికి ఆ గిన్నెల్లో సివిక్ సెంటర్ ప్రత్యక్షమైంది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు అన్నీ ఒకే కాయ. రుచీ ఒకటే.

మాకు కోపం వచ్చింది. ఎందుకంటే అదే పచ్చి బొప్పాయితో అమ్మ కూర చేస్తే కంచం పక్కకు నెట్టేవాళ్లం. ఇంట్లో ఊరికే పెడితే వద్దన్నదాన్ని డబ్బులిచ్చి, వరసలో నిలబడి, ఏరుకుని మరీ తిన్నామన్నమాట. నాన్న మాత్రం పగలబడి నవ్వాడు. ఆయనకు ముందే తెలుసు!

ఇటాలియన్‌లో టూటీ ఫ్రూటీ అంటే 'అన్ని పండ్లూ' అని అర్థం. అక్కడ నిజంగానే రకరకాల పండ్ల ముక్కలు వేసేవారు. మన దేశానికి వచ్చేసరికి అన్ని పండ్ల బరువునూ బొప్పాయి ఒక్కతే మోసింది. అందుకు దానికున్న అర్హత తనకంటూ పెద్ద రుచి లేకపోవడమే. పచ్చికాయ గట్టిగా ఉంటుంది, పాకంలో చితికిపోదు. ఏ రంగు వేస్తే ఆ రంగు, ఏ వాసన కలిపితే ఆ వాసన. పైగా చవక.

ఈ రుచి భిలాయ్ సొత్తేమీ కాదు. విజయవాడలోనూ ఉంది, నాగపూర్‌లోనూ ఉంది. కానీ ప్రతి ఊరివాళ్లూ తమ ఊరి దుకాణంలోదే అసలుదని వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. 1997 దాకా మన దేశంలో ఐస్‌క్రీమ్ తయారీ చిన్న తరహా పరిశ్రమలకు రిజర్వు చేసిన వస్తువు. అందుకే ఊరికో తయారీదారు, ఊరికో పాళ్లు. ఒకచోట పాలు చిక్కన, మరోచోట కార్న్‌ఫ్లోర్ ఎక్కువ. అమూల్ 1996లో ఈ రంగంలోకి దిగింది. మరుసటి ఏడాది రిజర్వేషన్ ఎత్తేశారు. ఆ తర్వాత శ్రీనగర్ నుంచి శ్రీకాకుళం దాకా ఒకే డబ్బా, ఒకే రుచి. నాణ్యత పెరిగిన మాట నిజమే. 'మా ఊరి ఐస్‌క్రీమ్' అనే మాట పలచబడిందీ నిజమే.

భిలాయ్‌ని కట్టించడంలో తోడ్పడ్డ రష్యన్లది మరో దారి. సోవియట్ యూనియన్‌లో పెరిగినవాళ్లు ఇప్పటికీ తలుచుకునేది 'ప్లోంబిర్' అనే చిక్కటి మీగడ ఐస్‌క్రీమ్‌ని. రంగూ లేదు, ముక్కలూ లేవు. దేశమంతటికీ ప్రభుత్వమే ప్రమాణం నిర్ణయించింది. అందరికీ ఒకటే రుచి అయినా జ్ఞాపకం మాత్రం ఎవరిది వారిదే. అంటే మనం తలుచుకునేది ఐస్‌క్రీమ్‌ని కాదేమో, దాన్ని తినిపించడానికి తీసుకెళ్లిన మనిషినేమో.

అలాగని పాతదంతా మంచిదనలేం. అప్పటి ఎర్ర ముక్కలో వేసింది ఏ రంగో మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మన చట్టం ఆహారంలో అనుమతించే కృత్రిమ రంగులు ఎనిమిదే, వాటికీ మోతాదు ఉంది. ఆ జాబితాలో లేని రోడమిన్-బి పీచుమిఠాయిలో బయటపడడంతో తమిళనాడు 2024 ఫిబ్రవరిలో దాని అమ్మకాన్నే నిషేధించింది. ఇప్పుడు పిల్లలకు కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడడం మంచిది. పాలకొవ్వు బదులు వనస్పతి కొవ్వు వాడితే దాన్ని ఐస్‌క్రీమ్ అనకూడదు, 'ఫ్రోజెన్ డిజర్ట్' అని రాయాలి. మా కాలంలో ఆ అక్షరాలూ లేవు, చదివే ఓపికా లేదు.

అసలు మావాళ్లు అక్కడికెందుకు వెళ్లారు? 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని మనవాళ్లు వీధుల్లోకి వచ్చిన 1966 నాటికే శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి రాయపూర్ లైను రైలెక్కి వచ్చినవాళ్లు భిలాయ్‌లో ఉక్కు పోస్తున్నారు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు రైలు కింది పట్టాలు కూడా తాము చేసినవేనని నాన్న తరం గర్వంగా చెప్పుకునేది. మా వరసలో బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఛత్తీస్‌గఢీలు. క్వార్టర్లన్నీ ఒకే నమూనా. వంటింటి వాసనను బట్టి ఎవరిల్లో చెప్పాలి.

ఆ ఊళ్లో ఒక చిక్కుంది. ముప్పై ఏళ్లు కాపురం చేసినా ఇల్లు మనది కాదు. రిటైరైతే తాళాలు అప్పగించాల్సిందే. నాన్న అప్పగించిన రోజు నాకు బాగా గుర్తు. ఒక ఉద్యోగి కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగి టిక్కులు పెట్టాడు. ఫ్యాన్లు, స్విచ్చులు, కుళాయిలు, కిటికీ అద్దాలు. అన్నీ సరిపోయాయి. పెరట్లో బొప్పాయి చెట్టు దగ్గర మాత్రం అతను ఆగలేదు.

బొప్పాయి మూడు నాలుగేళ్లకు మించి బాగా కాయదు. ఒకటి పడిపోయేలోపు దాని పక్కనే అమ్మ మరోటి మొలిపించేది. అలా ఎన్ని చెట్లు మారాయో లెక్కలేదు. ఆ రోజు అమ్మ ఆఖరిసారి రెండు పచ్చికాయలు కోసి, రైల్లో తీసుకెళ్లే సంచిలో పెట్టుకుంది. ఊళ్లో కూర చేసింది. ఆ పూట ఎవరం కంచం పక్కకు నెట్టలేదు.