ఏ రాకెట్టు? ఏ రోజుది?

మీరు స్పేస్ షటిల్ నమూనా చేస్తున్నారనుకోండి. విమానంలాంటి ఆ నౌక పొట్టకింద ఒక పెద్ద ట్యాంకు ఉంటుంది కదా, దానికి ఏ రంగు వేస్తారు? "ఇటుకరంగు" అంటారు మీలో చాలామంది. ఒకరిద్దరు "తెలుపు" అనవచ్చు. ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. 1981 ఏప్రిల్ 12న కొలంబియా మొదటిసారి ఎగిరినప్పుడు ఆ ట్యాంకు తెల్లగానే ఉంది. అదే ఏడాది నవంబరులో రెండోసారి ఎగిరినప్పుడూ తెలుపే. 1982 మార్చిలో మూడోసారి ఎగిరేనాటికి తెలుపు పోయి ఇటుకరంగు వచ్చింది. 2011లో షటిళ్ళు ఎగరడం మానేసేదాకా ఇక అదే. కాబట్టి "షటిల్ ట్యాంకు ఏ రంగు?" అన్నది సగం ప్రశ్నే. "ఏ రోజు ఎగిరినది?" అని కూడా అడిగితేనే జవాబు చెప్పగలం.

తమాషా ఏమిటంటే, ఆ ఇటుకరంగును ఎవరూ పూయలేదు! ట్యాంకులో ఉండేవి ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. బయటి వేడి లోపలికి పోకుండా ట్యాంకు చుట్టూ నురుగులాంటి పదార్థాన్ని చల్లి గట్టిపరిచేవారు. ఆ రంగు ఆ నురుగుదే. చల్లిన కొత్తలో లేతగా ఉండి, ఎండ తగిలినకొద్దీ ముదిరేది. ఎండనుంచి దాన్ని కాపాడటానికే మొదట తెల్లరంగు వేశారు. అది అక్కరలేదని తేలాక మానేశారు. దాంతో సుమారు 270 కిలోల బరువు తగ్గింది. వట్టి రంగే నలుగురు మనుషులంత బరువన్నమాట! ఆ ట్యాంకు దాదాపు కక్ష్యదాకా వెళ్ళి విడిపోయేది కనుక, దానిమీద మిగిలిన బరువు ఇంచుమించు అంతా సరుకు మోయడానికి కలిసివచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనల్లో రాకెట్టు నమూనాలు చూసినప్పుడల్లా నాకొక అభ్యంతరం కలుగుతుంది. తళతళ మెరిసేదానికే బహుమతి. వెండికాగితం, ఎర్రచారలు, ముక్కుకు బంగారురంగు. రాకెట్టేమో పెళ్ళికారులా ఉంటుంది! అలాంటి బొమ్మ చేయకూడదని నేననను. అది ఊహాచిత్రం, దాని అందం దానిది. కానీ కింద "అపోలో-11" అని అట్ట తగిలించారంటే అది ఊహ కాదు, సాక్ష్యం. సాక్ష్యంలో మనకిష్టమైన రంగు వేయకూడదు.

అపోలో-11ను మోసిన శాటర్న్-5 సంగతే చూడండి. దాని తెల్లని ఒంటిమీద అక్కడక్కడా నల్లటి పట్టీలు, గళ్ళు ఉంటాయి. అవి సింగారం కాదు. బొంగరానికి అంతటా ఒకే రంగు వేసి తిప్పితే, అది ఎంత వేగంగా తిరుగుతోందో కంటికి తెలియదు. ఒకపక్క నల్లచుక్క పెట్టండి, తెలుస్తుంది. ఎగిరే రాకెట్టు తన చుట్టూ తాను తిరుగుతోందా, ఎంత తిరుగుతోంది అన్నది నేలమీది కెమేరాలు పట్టుకోవడానికే ఆ గళ్ళు. కింది నాలుగు రెక్కలమీద ఎ, బి, సి, డి అన్న అక్షరాలుంటాయి. ఏది ఏ పక్కో తెలియడానికి. "అందంగా లేదు" అని ఒక పట్టీని పక్కకు జరిపితే, మీరు తీసేసింది ఒక కొలత సాధనాన్ని!

1966లో, ప్రయోగవేదికను సరిచూడటానికి, ఎగరని శాటర్న్-5 ఒకదాన్ని నిలబెట్టారు. దాని గళ్ళు వేరు, తర్వాత ఎగిరినవాటి గళ్ళు వేరు. దుకాణాల్లో చాలాకాలం అమ్ముడుపోయిన ఒక నమూనా పెట్టెలో ఆ ఎగరని రాకెట్టు గళ్ళే ఇచ్చారు. పెట్టెమీది బొమ్మను నమ్మినవాళ్ళంతా ఎన్నడూ ఎగరని రాకెట్టును చంద్రుడికి పంపించారన్నమాట. మ్యూజియంలో ఉన్నదాన్ని నమ్మినా చిక్కే. అక్కడ ఇంజన్లు నున్నగా కనిపిస్తాయి. ఎగిరిన రోజున వాటిచుట్టూ వేడినుంచి కాపాడే రేకు తొడుగు ఉండేది.

కొన్నిచోట్ల రంగు తేడా అంటే చిన్న విషయం కాదు. జర్మనీవారి వి-2 రాకెట్టుకు మన పిల్లలు నలుపు తెలుపు గళ్ళు వేస్తారు. 1942 అక్టోబరు 3న విజయవంతంగా ఎగిరినది అలాంటిదే. అది పరీక్ష. 1944 సెప్టెంబరు నుంచి లండన్, ఆంట్‌వెర్ప్ నగరాలమీద పడినవాటికి, శత్రువు కంటపడకుండా మందమైన పచ్చ, బూడిద వంటి రంగులు పూశారు. వాటిని ఖైదీలచేత భూగర్భ కర్మాగారంలో వెట్టిచాకిరీగా చేయించారు. వేలమంది అక్కడే చనిపోయారు. గళ్ళ రాకెట్టు ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ "లండన్ మీద వేసినది" అని రాసి ముచ్చటైన రంగు వేస్తే ఎవరి కథ చెరిపేసినట్టు?

రోజు మాత్రమే కాదు, గంట కూడా చూసుకోవాలి. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మను తీసుకువెళ్ళిన సోయజ్ రాకెట్టును తీసుకోండి. దాన్ని రైలుబండిమీద పడుకోబెట్టి వేదిక దగ్గరకు తెచ్చేటప్పుడు ఒంటికి ముదురు రంగే. ద్రవ ఆక్సిజన్ నింపారో లేదో, ఆ ట్యాంకులున్న మేర తెల్లగా మంచు కడుతుంది. దాని చలి మైనస్ 183 డిగ్రీలు మరి! కిరోసిను ఉన్న భాగం మాత్రం అలాగే ఉంటుంది. కనుక ప్రయోగక్షణంలో ఆ తెలుపు రంగు కాదు, గాలిలోని తేమ. 2015 డిసెంబరులో మొదటిసారి తిరిగివచ్చి నేలమీద దిగిన ఫాల్కన్-9 తొలిదశలోనూ ఇదే కథ. మంచు పట్టిన చోట మసి సరిగ్గా అంటదు. మసి ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో చూసి లోపల ఏ ట్యాంకు ఎక్కడుందో చెప్పవచ్చు. కొందరు "నిజంలా కనబడాలి" అని రాకెట్టంతా నల్లపొడి రుద్దేస్తారే, వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒక్కసారే ఎగిరి పోయే రాకెట్టుకు ఎగరకముందే మసి ఎక్కడిది?

ఇక చేతిపని. శాటర్న్-5 ఎత్తు సుమారు 110 మీటర్లు. నూరోవంతు నమూనా 110 సెంటీమీటర్లు. మీరు కుంచెతో దట్టంగా వేసిన రంగు మిల్లీమీటరులో పదోవంతు మందం ఉందనుకుంటే, అసలు రాకెట్టుమీద అది సెంటీమీటరు మందం! అంచేత పలుచగా వేయండి, ఆరనిచ్చి మళ్ళీ పలుచగా వేయండి. కిటికీలు తెరిచిపెట్టి, మంటకు దూరంగా. అచ్చమైన నలుపు బొమ్మమీద మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది, ఒకటి రెండు చుక్కల తెలుపు కలపండి. దూరపు వస్తువుల రంగు గాలివల్ల పలచబడుతుంది కాబట్టి ఇంకా బాగా కలపాలని కొందరంటారు. వంద మీటర్లలో గాలి అంత మార్పేమీ తేదని నా అభిప్రాయం.

అక్షరాలకు డికాల్ వాడతారు. నీళ్ళలో నానబెడితే జారివచ్చే పలుచని పొర అది. దాన్ని గరుకు రంగుమీద అంటిస్తే, అడుగున గాలి చిక్కుకుని వెండిమచ్చల్లా మెరుస్తుంది. అందుకే ముందు మెరిసే వార్నీషు పూసి, నునుపుమీద డికాల్ అంటించి, ఆరాక మెరుపులేని వార్నీషు పూయాలి. డికాల్ దొరకకపోతే సన్నని కుంచె చాలు. బట్టలకొట్లో దొరికే అట్టగొట్టానికి కూడా ఈ నియమాలన్నీ వర్తిస్తాయి.

"ఫోటోలు ఎక్కడ దొరుకుతాయి?" అంటారా? మన శ్రీహరికోట ఉండనే ఉంది. 2019 నుంచి ముందుగా పేరు నమోదు చేసుకున్నవారు అక్కడ కూర్చుని ప్రయోగం చూస్తున్నారు. పి.ఎస్.ఎల్.వి. అంటే ఒకే బొమ్మ అనుకోకండి. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1ను మోసినదానికి చుట్టూ ఆరు చిన్న రాకెట్లున్నాయి. 2007 ఏప్రిల్ 23న ఎగిరినదానికి ఒక్కటీ లేదు. ఏది చేస్తున్నారో దాని తేదీ అట్టమీద రాయండి. ఎంత వెదికినా వెనకవైపు ఫోటో దొరకలేదా? ఆ వైపు గళ్ళు ఊహించి గీయకుండా, ఖాళీగా వదిలి, "ఈ పక్క ఫోటో దొరకలేదు" అని రాసిపెట్టండి. అందుకు మార్కులు తగ్గించే న్యాయనిర్ణేత ఎవరైనా ఉంటే, ఆయనకు ఈ పేజీ చూపించండి.