ఆ బ్రాకెట్లోనే ఉంది కిటుకు

‘నకిలీ వైద్య కళాశాల’ అనే మాట మన పత్రికలకు, టీవీలకు భలే దొరికింది. ఏ కేసు వచ్చినా అదే గాటన కట్టేస్తున్నారు. 2025 మేలో జాతీయ వైద్య కమిషన్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ సంస్థలకు అనుమతి లేదని హెచ్చరించింది. అదే ఏడాది సీబీఐ పెట్టిన తనిఖీ లంచాల కేసులో విశాఖ, వరంగల్ కూడా వినబడ్డాయి. మొదటిదాంట్లో బోర్డే నకిలీ అన్నారు. రెండోదాంట్లో కళాశాలకు అనుమతి ఉంది, హాజరుపట్టీ మీదే అనుమానం. ఈ రెంటికీ ఫిర్యాదు చేసే దారులు వేరు. రాసేవాళ్లకు ఆ తేడా పట్టదు.

ఆ మధ్య చెన్నైలో హైకోర్టు ఎదుట, పారిస్ కార్నర్‌లోని మా ఆఫీసుకు చిత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో కొడుకు పట్టా. బంగారు రంగు ముద్ర, లావు అక్షరాల్లో ఎం.బి.బి.ఎస్., పక్కన బ్రాకెట్లో చీమల్లాంటి ఏ.ఎం. ఆల్టర్నేటివ్ మెడిసిన్ అట. ఆ రెండక్షరాలే కళాశాల వారి కవచం: ‘మేమిచ్చింది అల్లోపతీ పట్టా కాదు, మాకు మీ చట్టం వర్తించదు.’

వర్తిస్తుంది. 1916 నాటి ఇండియన్ మెడికల్ డిగ్రీస్ చట్టం ఇంకా బతికే ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 1956 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టాన్ని రద్దు చేసిందిగానీ దీని జోలికి పోలేదు. పాశ్చాత్య వైద్యం చేసే అర్హత ఉందని చెప్పే పట్టాలనే కాదు, ఉన్నట్టు ధ్వనించే పట్టాలను కూడా నాలుగో సెక్షన్ నిషేధించింది. ఎం.బి.బి.ఎస్. అని లావుగా అచ్చేసి బ్రాకెట్లో గుసగుసలాడితే ధ్వని మారుతుందా? నా దృష్టిలో ఇందులో రెండో అభిప్రాయానికి చోటు లేదు.

చిక్కల్లా ఏడో సెక్షన్‌తో. రాష్ట్ర ప్రభుత్వం ఆదేశిస్తేనో, దాని ముందస్తు అనుమతితో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఫిర్యాదు చేస్తేనో తప్ప కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోదు. అప్పట్లో కక్షసాధింపు కేసులకు భయపడి పెట్టిన కట్టడి కావచ్చు. ఇప్పుడది మోసపోయిన కుర్రాడి మొహం మీద వేసిన తలుపు. ఇంతా చేసి సంస్థకు పడే జరిమానా వెయ్యి రూపాయల లోపే! నకిలీ విశ్వవిద్యాలయాలకు యూజీసీ చట్టం వేసేదీ అంతే.

అనుమతులున్నచోటా ఫిర్యాదు గతి గొప్పగా లేదు. తమిళనాడులో చిన్నసేలం దగ్గరి ఎస్‌వీఎస్ ప్రకృతి వైద్య కళాశాలకు గిండీలోని ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం గుర్తింపు ఉండేది. ఫీజుల మీద, వసతుల లేమి మీద విద్యార్థులు కలెక్టరేట్ దాకా వెళ్లారు. 2016 జనవరిలో ముగ్గురు అమ్మాయిల శవాలు బావిలో తేలాకే దానికి తాళం పడింది.

మిగిలిన దారి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, మోసం. ఏడేళ్ల దాకా జైలు. పోలీసులు కదలకపోతే నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. మోసగించే ఉద్దేశం మొదటినుంచీ ఉందని రుజువు చేయడం కష్టమనే వాదన ఉంది, కాదనను. కానీ ఆ బ్రాకెట్టే రుజువు. దాచాల్సింది లేనివాడు అంత చిన్నగా అచ్చు వేయించడు.

పెద్దాయన చేత ఆ ఫిర్యాదు పెట్టించాను. 1916 చట్టం కింద చర్యకు ఆదేశించమని సచివాలయానికీ అర్జీ పంపించాను. కుదరదంటే కారణం రాసి ఇమ్మనండి. ఆ కాగితంతో రిట్ వేయడానికి మేం రోడ్డు దాటితే చాలు.