“నీకేం ఇష్టం?” అని ఎవరడిగారు?

అమెరికాలో కొన్ని కాలేజీలు సీటిచ్చే ముందు ఒక విచిత్రమైన లెక్క వేస్తాయి. ఈ స్టూడెంట్‌కి మన కాలేజీ మీద నిజంగా ఇష్టం ఉందా, సీటిస్తే వచ్చి చేరతాడా అని. క్యాంపస్ చూడ్డానికి వచ్చాడా, మెయిల్స్‌కి జవాబిచ్చాడా, “మా కాలేజే ఎందుకు” అన్న వ్యాసంలో ఏం రాశాడు, ఇవన్నీ చూస్తారు. అక్కడి కాలేజీలు నింపే కామన్ డేటా సెట్ అనే ఫారంలో దీనికో గడి కూడా ఉంది. కొన్ని “ముఖ్యం” అని టిక్ పెడతాయి, కొన్ని “పట్టించుకోం” అంటాయి. సీటొచ్చిన వాళ్లలో ఎంతమంది చేరతారో ముందే తెలిస్తే కాలేజీకి లెక్క తప్పదు, అదీ అసలు కారణం.

మరి మన దగ్గర? తెలంగాణలో ఇంజినీరింగ్ కోసం ఈఏపీసెట్ రాసేవాళ్లు 2 లక్షలకు పైనే. 3 గంటలు, 160 ప్రశ్నలు. ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని కూడా 2023లో తీసేశారు. ఇక మన ఇష్టం కనిపించేది వెబ్ ఆప్షన్ల వరుసలోనే. ఆ వరుసైనా మనదా? పోయినేడాది క్లోజింగ్ ర్యాంకులు ముందేసుకుని నాన్న, బాబాయ్, పక్క ఫ్లాట్ అంకుల్ కలిసి తయారుచేసింది!

అలాగని ర్యాంకుని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఖమ్మం అవతల ఊరి నుంచి వచ్చిన అమ్మాయికీ, గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీ అబ్బాయికీ అవే 160 ప్రశ్నలు. కోచింగ్‌లో తేడా ఉంటుంది, నిజమే. కానీ మీ ఇంగ్లిష్ ఎలా ఉంది, మీ నాన్న ఏం చేస్తారు అని ర్యాంకు అడగదు. అమెరికాలో ‘ఎర్లీ డెసిషన్’ అని ఒకటుంది. ఒక కాలేజీకే ముందుగా మాటివ్వాలి, సీటొస్తే చేరి తీరాలి. ఏ కాలేజీ ఎంత స్కాలర్‌షిప్ ఇస్తుందో పోల్చి చూసుకోవాల్సిన ఇంటికి అది కష్టం. ఇష్టాన్ని అలా కొలిస్తే జేబును కూడా కొలిచినట్టే. ఆ మాటకొస్తే మన ప్రైవేట్ కాలేజీల్లో 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా ఉంది కదా. అక్కడ ఆసక్తి ఎలా చూపించాలో అందరికీ తెలుసు.

నా బాధ వేరే. మనల్ని “ఎందుకు ఇదే చదవాలనుకుంటున్నావు?” అని మొదటిసారి అడిగేది ఎమ్మెస్‌కి అప్లై చేసేటప్పుడు, ఎస్ఓపీలో. అప్పటికి 21 ఏళ్లు. అన్నేళ్లు ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది? కన్సల్టెన్సీ నుంచి వస్తుంది. “చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం” అని అందరికీ ఒకే జవాబు.

మన కారిడార్‌లోనే ఇంకో దారి ఉంది. 1998లో మొదలైన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, రీసెర్చ్‌తో కలిసిన డ్యూయల్ డిగ్రీలకి యూజీఈఈ అని సొంత పరీక్ష పెడుతుంది. అందులో నెగ్గితే ఇంటర్వ్యూ. ఆ డిగ్రీల్లో ఒకటి కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్, అంటే భాషనీ కంప్యూటర్‌నీ కలిపి చదవడం. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎంతమందికి ఆప్షన్లు పెట్టుకునే రోజున ఇలాంటి కోర్సు ఉందని తెలుసు?

ఇంటర్వ్యూలోనూ చిక్కుంది. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్లు గలగలా మాట్లాడేస్తారు. సబ్జెక్ట్ మీద ప్రాణం పెట్టినవాడు ఇంగ్లిష్‌లో తడబడొచ్చు. అందుకే నా అభిప్రాయం: సీటు ర్యాంకుతోనే ఇవ్వండి. ఇంటర్వ్యూ ఎక్కడ పెట్టినా తెలుగులో మాట్లాడనివ్వండి. “మా కాలేజీ అంటే ఎంత ఇష్టం” అని కాకుండా “నీ అంతట నువ్వు ఏం చేశావు, ఎక్కడ ఆగిపోయావు” అని అడగండి. ఇష్టం ఉన్నవాడికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. చిన్న ప్రోగ్రామ్ కావచ్చు, విప్పి మళ్లీ బిగించలేకపోయిన మిక్సీ కావచ్చు.

కౌన్సెలింగ్ రూల్స్ మార్చడం మన చేతుల్లో లేదు. ఫస్టియర్ వాళ్లు చేరగానే మనం అడిగే మొదటి రెండు ప్రశ్నలు “ర్యాంకెంత, బ్రాంచేంటి?” మూడోది కూడా అడుగుదాం. “తెలీదన్నా” అంటే నవ్వొద్దు. వాళ్లని అది అడిగిన మొదటి మనిషి మనమే కావచ్చు.