పత్తి మద్దతు ధర, జెనీవా లెక్క

ప్రత్తిపాడు మండలంలోనూ, దాని చుట్టూ గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామాల్లోనూ పండే పత్తి ధర వ్యాపారి, జిన్నింగ్ మిల్లు యజమాని, భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు అధికారి మధ్యనే తేలుతున్నట్టు పైకి కనిపిస్తుంది. తేమ 8 శాతం లోపు ఉందా, 12 దాటిందా, పింజ పొడవు ఎంత అన్నవే అక్కడి ప్రశ్నలు. కానీ ప్రభుత్వం ఏ ధర ప్రకటించి ఎంత సరుకుకు అండగా నిలవవచ్చునన్న హద్దు 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరకేష్‌లో సంతకాలు జరిగి, 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమల్లోకి వచ్చిన వ్యవసాయ ఒప్పందంలో ఉంది. అంతర్జాతీయ సంస్థల ప్రభావాన్ని శిఖరాగ్ర సభల తీర్మానాల్లో వెతకడం పరిపాటి. ఈ ప్రాంతం వరకు ఆ ప్రభావం ఆ ఒప్పందపు అనుబంధంలోని ఒక తీసివేత, గుణకారంలో ఉంది.

ఆ ఒప్పందం ప్రకారం భారత్ వంటి వర్ధమాన దేశం ఒక పంటకు ఇచ్చే, వాణిజ్యాన్ని వక్రీకరించేదిగా పరిగణించే మద్దతు ఆ పంట మొత్తం ఉత్పత్తి విలువలో 10 శాతం మించరాదు. మద్దతు ధర రూపంలో ఇచ్చే సాయాన్ని లెక్కించేటప్పుడు ఈ ఏటి మద్దతు ధరను ఈ ఏటి మార్కెట్ ధరతో పోల్చరు. 1986-88 సంవత్సరాల సగటు అంతర్జాతీయ ధరను ‘బాహ్య ప్రామాణిక ధర’ పేరుతో శాశ్వతంగా స్థిరపరిచి, ప్రభుత్వం ప్రకటించిన ధరలోంచి దాన్ని తీసివేసి, మిగిలిన తేడాను మద్దతుకు అర్హమైన ఉత్పత్తి పరిమాణంతో గుణిస్తారు. డాలరు సుమారు 13 రూపాయలున్న కాలపు ధరకూ, 2025-26లో పొడవు పింజ పత్తికి ప్రకటించిన క్వింటా 8,110 రూపాయలకూ మధ్య తేడాలో ఎక్కువ భాగం ద్రవ్యోల్బణమే అయినా, లెక్కలో అదంతా రైతుకు అందిన రాయితీగా నమోదవుతుంది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టిన చేలను తెల్లదోమ తుడిచిపెట్టి, పత్తి రైతుల ఆత్మహత్యలు తొలిసారి దేశం దృష్టికి వచ్చింది కూడా 1987-88లోనే. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఏదీ లేదు; అయినా ఈ నేల మీద పత్తి సేద్యం కుప్పకూలిన కాలమే పత్తి ధరకు ప్రపంచ కొలమానంగా నిలిచిపోవడం గమనించదగినది.

ఈ సూత్రం కాగితం మీదే ఉండిపోలేదు. 2018 నవంబరులో అమెరికా జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ కమిటీ ముందు భారత పత్తిపై ‘ప్రతి నివేదన’ దాఖలు చేసింది. ఒక సభ్యదేశం తన రాయితీలను తక్కువ చేసి చూపిందని మరో సభ్యదేశం భావించినప్పుడు తన సొంత లెక్కను సమర్పించే పద్ధతికి ఆ పేరు. 2010-11 నుంచి 2016-17 వరకు భారత్ పత్తికిచ్చిన మద్దతు ఉత్పత్తి విలువలో 53 నుంచి 81 శాతం వరకు ఉందన్నది అమెరికా వాదన. ఇంత తేడాకు మూలం ‘అర్హమైన ఉత్పత్తి’ అన్న మాటకు చెప్పే అర్థంలో ఉంది: సీసీఐ నిజంగా కొన్న సరుకునే భారత్ లెక్కిస్తే, మద్దతు ధర ఎవరైనా కోరవచ్చు కాబట్టి దేశంలో పండిన పత్తి యావత్తునూ అమెరికా లెక్కించింది. భారత్ డాలర్లలో వేసిన లెక్కను అమెరికా రూపాయల్లో వేయడం రెండో కారణం.

చట్టపరంగా చూస్తే భారత్ వాదన బలహీనమైనదని ఒప్పుకోక తప్పదు. కొన్నదాన్ని కాదు, కొనుగోలుకు అర్హత గలదాన్నే లెక్కించాలని దక్షిణ కొరియా గొడ్డుమాంసం వివాదంలో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పిలేట్ సంస్థ 2000లోనే చెప్పింది. చక్కెర కేసులో, చెరకు ధరను చెల్లించేది మిల్లులే గాని ప్రభుత్వం కాదన్న భారత్ వాదనను 2021 డిసెంబరులో వివాద పరిష్కార ప్యానెల్ తోసిపుచ్చింది. నైతికంగా మాత్రం త్రాసు అటువైపు మొగ్గదు. మూడు దశాబ్దాలకు పైగా ధరలు పెరగనట్టు నటించే సూత్రాన్ని న్యాయమనలేము. పైగా నేరారోపణ చేసిన దేశం చరిత్ర చిన్నది కాదు. పత్తి రాయితీలపై బ్రెజిల్ 2002లో వేసిన కేసులో అమెరికా 2005 నాటికి ఓడిపోయింది. ఆ కేసులో భారత్ మూడో పక్షంగా హాజరైంది. ఓడిన అమెరికా రాయితీలను పూర్తిగా సవరించడానికి బదులు, ప్రతీకార సుంకాలను తప్పించుకునేందుకు 2010 నుంచి ఏటా 14.73 కోట్ల డాలర్లను బ్రెజిల్ పత్తి రంగానికి చెల్లించేందుకు ఒప్పుకొని, చివరికి 2014లో 30 కోట్ల డాలర్లతో వివాదాన్ని ముగించుకుంది. తీర్పు గెలిచిన దేశానికి దాన్ని అమలు చేయించగల బలం కూడా ఉంటేనే ఈ వ్యవస్థ పనిచేస్తుందని ఆ ఉదంతం చూపుతుంది. ఇదే రాయితీల వల్ల నష్టపోయామంటూ 2003లో గొంతెత్తిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలకు అలాంటి బలం లేదు. 2015లో ప్రపంచ వాణిజ్య సంస్థ నైరోబీ సమావేశంలో పత్తి ఎగుమతి రాయితీల రద్దు వరకు సాధ్యమైనా, అసలు గాయమైన దేశీయ రాయితీలపై వాటికి దక్కింది చర్చలే.

వరి, గోధుమల విషయంలో భారత దౌత్యం ఇంతకంటే మెరుగైన ఫలితం రాబట్టింది. 2013 బాలి సమావేశంలో ‘శాంతి నిబంధన’, అంటే ఆహార భద్రత కోసం ప్రభుత్వం ధాన్యం సేకరించి పరిమితి దాటినా ఇతర దేశాలు వివాదం లేవనెత్తరాదన్న నియమం ఆమోదం పొందింది. 2014లో వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని నెలల తరబడి అడ్డుకొని, శాశ్వత పరిష్కారం కుదిరే వరకు ఆ నియమం కొనసాగేలా భారత్ హామీ పొందింది. బియ్యం విషయంలో దాన్ని వినియోగించుకుంది కూడా. అయితే ఆ నిబంధన సంప్రదాయ ఆహార పంటలకే పరిమితం. పత్తి తిండిగింజ కాదు గనుక ఆ కవచం దానికి వర్తించదు. ఈ పొలాల్లోనే పండే మిర్చికి కేంద్రం మద్దతు ధర ప్రకటించదు గనుక ఈ చిక్కు దానికి అంతగా లేదు. దాని సమస్యలు వేరు. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ రంగు కనిపించాక ఐరోపా సమాఖ్య ప్రయోగశాల ధ్రువపత్రం అడగడం మొదలుపెట్టింది. మిర్చికి ఆంక్షలు ఓడరేవులో ఎదురైతే, పత్తికి కొనుగోలు కేంద్రంలోనే ఎదురవుతాయి.

ప్రస్తుతానికి పత్తిని కాపాడుతున్నది దౌత్యం కాదు, స్తంభన. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో అప్పిలేట్ సంస్థ 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు; చక్కెర కేసులో భారత్ చేసుకున్న అప్పీలు విచారించేవారు లేక అలాగే ఉండిపోయింది. పత్తిపై కేసు పడినా గతి అదే. కానీ ఈ రక్షణ రెండు వైపులా పదునున్నది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కచ్చితమైన తీర్పు ఇప్పించగల వేదిక భారత్‌కూ మిగల్లేదు. అదే నెలలో కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని సెప్టెంబరు 30 వరకు, ఆ తర్వాత డిసెంబరు 31 వరకు ఎత్తివేసింది. మిల్లులకు ఊరట నిచ్చిన ఆ నిర్ణయం సరిగ్గా తొలి తీత పత్తి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో అమలైంది. మార్కెట్ ధర మద్దతు ధర కంటే దిగజారిన కొద్దీ రైతు సీసీఐ వైపు మళ్లక తప్పదు. 2024-25లోనే ఆ సంస్థ దాదాపు 100 లక్షల బేళ్లు, అంటే దేశపు పంటలో సుమారు మూడో వంతు కొన్నది. ఇంత కొనుగోలు జరిగాక, కొన్నదే లెక్క అన్న భారత్ సొంత వాదన ప్రకారం చూసినా 10 శాతం గీత చాలా దగ్గరికి జరుగుతుంది.

1986-88 ప్రామాణిక ధరను సవరించాలని, లేదా ద్రవ్యోల్బణాన్ని పరిగణించాలని వర్ధమాన దేశాల కూటమి అయిన జీ-33తో కలిసి భారత్ చాలాకాలంగా కోరుతోంది. ఆ కోరిక ఆహార నిల్వల శాశ్వత పరిష్కారంలో భాగంగా ముందుకొచ్చినదే గనుక, రేపు అది యథాతథంగా నెగ్గినా పత్తి లెక్క మారదు.