హుకుం కూడా ఖుష్‌ఖబరే

ఆత్మకూరులో అయినా, ఉదయగిరిలో అయినా సువార్త కూటాల మైకులో ఒక మాట ఎక్కువగా వినబడుతుంది. మోషే తెచ్చిన ధర్మశాస్త్రం మోయలేని కాడి, యేసు తెచ్చిన సువార్త విడుదల అని. ఆ ఊపులోనే మనల్నీ ఆ కాడికి కట్టేస్తారు. ఐదు పూటల నమాజు, రోజా, హలాల్, హరామ్... పాపం సాయిబులు ఇంకా లెక్కలు కట్టుకుంటూ బతుకుతున్నారట!

మన పిల్లలు ఈ మైకు వింటూనే పెరుగుతున్నారు. ఇంటికొచ్చి "అబ్బా, మనకెందుకు ఇన్ని రూల్సు?" అని అడుగుతారు. "వాళ్లు ఇంజీల్ మార్చేశారులే బేటా" అని దులిపేసుకుంటే అది జవాబు కాదు.

ముందు ఒక విషయంలో ఇన్సాఫ్ చేద్దాం. తెలుగు బైబిల్లో తౌరాత్‌కు ధర్మశాస్త్రం అని పేరు పెట్టారు. ఈ నేల మీద ఆ మాట వింటే గుర్తొచ్చేది మూసా అలైహిస్సలాం కాదు, మనువు. మాదిగపల్లెలో పుట్టిన మనిషితో "ధర్మశాస్త్రం నుంచి నీకు విడుదల" అంటే ఆ మాట ఎంత లోతుకు దిగుతుందో ఊహించండి. బావి దగ్గరికి రానివ్వని శాస్త్రం నుంచి విడుదల అది. దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. కానీ మనువు శాస్త్రాన్నీ, తూర్ పహాడ్ మీద దిగిన తౌరాత్‌నూ ఒకే గోతాంలో వేసి మూతి కట్టడం బేఇన్సాఫీ. మొదటిది మనిషిని బానిసగా ఉంచడానికి రాసింది. రెండోది ఫిరౌన్ బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ ఖౌమ్‌కు ఇచ్చింది.

దీనికి వాళ్ల తారీఖే గవాహీ. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో, 1866లో ఒంగోలులో, 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషన్ స్టేషన్లు పెట్టారు. మొదట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. 1866లో యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాక అక్కడి జాన్ క్లౌ దొర దగ్గరికి మాదిగలు గుంపులుగా రాసాగారు. దొర వాళ్లకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు.

ఇంకోసారి చదవండి. ఇందులో కృప ఎక్కడుంది? మూడూ హుకుములే. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, ఊరికి చెప్పులూ బొక్కెనలూ కుట్టివ్వడం మాదిగ చాకిరీ. అందుకు దక్కే కూలిలో ఆ కళేబరం కూడా ఒక భాగం. మురదార్ ముట్టనన్న రోజు ఆ లెక్క తప్పుతుంది. ఆదివారం రానన్న రోజు ఆసామి హుకుం పైన ఇంకో హుకుం ఉందని ఊరికి తెలుస్తుంది. ఊరి పెద్దలు మండిపడింది అందుకే. కూలివాడికి పరలోకంలో చోటు దొరికితే ఏ ఆసామికి నష్టం? కోత రోజు చేలోకి రాకపోతేనే నొప్పి. ఈ నేల మీద సువార్త పని చేసింది ఒక చిన్న షరియత్ రూపంలోనే.

(మనవాళ్లు కొందరు "కరువులో గంజి కోసం కలిశారు" అంటుంటారు. ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని ఇచ్చాడు గానీ, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చింది ఆ తర్వాతే. ఈ గంజి కబుర్లు మానేద్దాం.)

సూర బఖరా 173 చూడండి. మురదార్ హరామ్ అన్న ఆయత్‌లోనే, ఆకలికి గత్యంతరం లేక, హద్దు మీరకుండా తిన్నవాడి మీద గునాహ్ లేదని ఉంది. అల్లా గఫూర్, రహీమ్ అన్న మాటతో అది ముగుస్తుంది. హుకుమూ రహమతూ ఒకే ఆయత్‌లో ఉంటే విడదీసేదెవరు? సూర మాయిదా తౌరాత్‌కూ ఇంజీల్‌కూ హిదాయత్, నూర్ అనే ఒకే జత మాటలు వాడింది. అంతెందుకు, మత్తయి సువార్త కొండమీది ప్రసంగంలో హజ్రత్ ఈసా అలైహిస్సలాం తాను ధర్మశాస్త్రాన్ని కొట్టేయడానికి రాలేదని చెప్పినట్టే ఉంది. గలతీయుల పత్రిక మీద గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు ఈ పేజీని అంత తొందరగా ఎందుకు తిప్పేస్తారు? ఈ మాట అడిగినవాళ్లు క్రైస్తవుల్లోనూ ఉన్నారు. జర్మన్ పాదిరి డీట్రిచ్ బాన్‌హోఫర్ 1937లో దానికి చౌక కృప అని పేరు పెట్టి పుస్తకమే రాశాడు. 1945లో నాజీలు ఆయన్ను ఉరి తీశారు.

సరే, ఆ చౌక సరుకు మన దుకాణంలో లేదా? సూర నిసాలో అల్లా ఆడపిల్ల హిస్సాను లెక్కకట్టి మరీ చెప్పాడు, ఇవి నా హద్దులన్నాడు. బాన్‌హోఫర్ పుస్తకం వచ్చిన 1937లోనే మనకు షరియత్ చట్టం వచ్చింది. వ్యవసాయ భూమిని అది వదిలేస్తే, ఆ లోటును 1949లో మద్రాసు సవరణ పూడ్చింది. అప్పుడు నెల్లూరు మద్రాసులోనే ఉంది. అంటే సర్కారీ అడ్డు కూడా లేదు. అయినా మెట్ట చేను దగ్గరికి వచ్చేసరికి "జహేజ్ ఇచ్చాం కదా" అంటాం. అక్కాచెల్లెళ్లను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకుపోయి, హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేయించి, దారిలో బిర్యానీ తినిపిస్తాం. అడిగితే "అల్లా గఫూరుర్రహీమ్ భాయ్" అంటాం. ఏ.ఎస్.పేట దర్గాలో చాదర్ కప్పి వస్తే లెక్క సరి! ఇంట్లో ఫుప్పూ వేలి సిరా ఆరకముందే వీధిలోకొచ్చి, మైకు పట్టుకున్నవాళ్లను "మీకు షరియత్ లేదు" అని దెప్పుతాం.