మచ్చలోనున్న సాక్ష్యము



తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి చేలలో వజ్రాలు వెదుకుటకు జనము గుంపులుగా చేరుట మీరెరిగినదే. ఆ ప్రాంతపు భార్యాభర్తలు ఇటీవల విద్యానగర్‌లోని మా ఇంటికి వచ్చారు. విత్తనాలకని దాచిన డబ్బుతో భర్త నెల రోజులు ఆ చేలలోనే గడిపారట. దొరికినది ఏమీ లేదు.

"అయ్యగారూ, వానకు వజ్రాలు నేలలో పుడతాయంటాడు ఈయన. మీరైనా చెప్పండి" అన్నది ఆమె.

పుట్టవమ్మా అన్నాను. వజ్రాలలో ఎక్కువ భాగము కోట్ల సంవత్సరాల క్రితము, 150 కిలోమీటర్లకు పైగా లోతున తయారైనవి. భూగర్భమునుండి ఎగదన్నిన కరిగిన రాయి వాటిని పైకి తెచ్చినది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో అట్టి కింబర్లైటు శిలలు సుమారు 110 కోట్ల సంవత్సరాల నాటివి. వాన మట్టిని కడిగి ఉన్నదానిని చూపును, అంతే.

"అంత లోతుకు ఎవరు పోయి చూశారండీ?" అన్నారాయన.

వజ్రములోని మచ్చే చెప్పినది. వజ్రము పెరుగునప్పుడు చుట్టూనున్న ద్రవము కంటికి కనబడని బిందువులుగా లోపల చిక్కుకొనును. అంత గట్టి రాతిలోనుండి అది బయటికి పోలేదు, బయటిది లోనికి రాలేదు. కెనడా వజ్రాలు కొన్నిటిలో ఆ బిందువులు ఉప్పగా ఉన్నవి. సముద్రపు అడుగునేల భూగర్భములోనికి దిగిపోవుచు ఆ ఉప్పును తీసికొనిపోయినదని 2015లో శాస్త్రజ్ఞులు వివరించారు.

మన గోలకొండ కోహినూరు వంటి పెద్ద వజ్రాలు మహా నిర్మలమైనవి, మచ్చలు అరుదు. అట్టి జాతి రాళ్లలో దొరికిన కొద్ది మచ్చలను పరీక్షించగా ఇనుము, నికెలు కలిసిన లోహము, దానిచుట్టూ మీథేన్ వాయువు పలుచని పొర కనబడినవి. అవి 360 నుండి 750 కిలోమీటర్ల లోతున పుట్టినవని 2016లో తేలినది.

వర్తకుడు మచ్చను చూచి ధర తగ్గించును. పుట్టుక వెదకువాడు ఆ మచ్చనే కోరుకొనును. ఏ మచ్చా లేని రాయి తన సంగతి అంతగా చెప్పలేదు గదా!

ఆయన కొంతసేపు తల వంచుకొని కూర్చున్నారు. తరువాత భార్యవైపు తిరిగి, విత్తనాల డబ్బే కాక వడ్డీకి తెచ్చిన అప్పు కూడ ఉన్నదని మొదటిసారి చెప్పారు. ఆమె కంట నీరు పెట్టుకొన్నది గాని కోపపడలేదు.

"ముందు విత్తుదాము. అప్పు సంగతి ఇద్దరమూ చూచుకొందాము" అన్నది.